సింహగిరి ప్రదక్షిణము

కనిగిరిలో పుట్టి పెరిగిన బాలునకు కొండ యనిన నేమో ఒకరు చెప్పనక్కఱలేదు. ఊరిని ఆనుకొని నిలిచిన దుర్గపు కొండను వాడు ప్రతిదినము చూచుచునే యుండును. సముద్రమనిన నేమో తెలియవలెనన్న మాత్రము వాడు తూర్పుగా చాల దూరము పోవలెను. ఒంగోలు దాటి కొత్తపట్నము చేరినచో కడలి కనబడును. అచ్చటి తీరము చదునైనది. ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు, ఉప్పు నీటి మడుగులు తప్ప ఎత్తైన దేదియు కానరాదు. కొండ యొక చోట, కడలి యొక చోట. రెండును ఒకదాని నొకటి తాకుచున్న దృశ్యము మన పల్నాటి మొదలు నెల్లూరి వఱకు గల మైదానములలో దొరకదు.

అట్టి దృశ్యమును చూడగోరువారు ఉత్తరముగా విశాఖపట్టణమునకు పోవలెను. అచ్చట తూర్పు కనుమల శాఖలు రెండు కడలి యంచు వఱకు వచ్చి నిలిచినవి. దక్షిణపు శాఖ యారాడ కొండ. దాని కొన సముద్రములోనికి ముక్కువలె చొచ్చుకొని పోయినది. దానినే డాల్ఫిన్ నోస్ అందురు. ఉత్తరపు శాఖ సింహాచలము కొండల వరుస. దాని తూర్పు కొన కైలాసగిరి యను పేర కడలి యొడ్డున నిలిచినది. భూమి ఈ విధముగా శిరమెత్తి సముద్రమునకు ఎదురుగా నిలిచిన చోటును భూగోళ శాస్త్రజ్ఞులు భూశిరమందురు. రెండు భూశిరముల నడుమ నున్న పల్లములో విశాఖపట్టణము వెలసినది.

ఏటేట ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు లక్షలకొలది జనులు ఈ ఉత్తరపు కొండల వరుసను చుట్టి నడచుదురు. దీనినే సింహాచల గిరి ప్రదక్షిణమందురు. దారి పొడవు సుమారు 32 కిలోమీటర్లు. ప్రదక్షిణ మనగా పూజ్యమైన దానిని కుడివైపున నుంచుకొని చుట్టి వచ్చుట. దక్షిణ శబ్దమునకు కుడి యని యర్థము గలదు. అరుణాచలమున 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణమును, ఉత్తర దేశమున గోవర్ధన గిరి పరిక్రమమును ప్రసిద్ధములే. కాని నడచువాడు నడుమ సముద్రపు టొడ్డునకు చేరి, అలలలో కాళ్లు కడుగుకొని, మరల కొండవైపు తిరుగుట సింహాచల ప్రదక్షిణమునకు గల విశేషము.

కొండమీది వరాహలక్ష్మీనరసింహస్వామి ఆలయము మిక్కిలి ప్రాచీనమైనది. 11వ శతాబ్దపు చివరి నాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసన మచ్చట గలదు. 13వ శతాబ్దమున తూర్పు గాంగ ప్రభువైన నరసింహదేవుని కాలమున ఆలయము నేటి రూపమును పొందినది. కోణార్కమున సూర్యదేవాలయమును కట్టించినదియు ఆ ప్రభువే. 1516వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు కళింగ జైత్రయాత్రలో ఈ స్వామిని దర్శించెను. స్వామి యేడాది పొడవున చందనపు పూతలో నుండును. అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపము దర్శనమగును. పిదప నాలుగు విడతలుగా చందనమును సమర్పింతురు. అందు కడపటి విడత ఆషాఢ పూర్ణిమ నాడు జరుగును. ఆ పూర్ణిమకు ముందటి రాత్రియే ఈ నడక.

కొన్ని యేండ్ల క్రిందట మా కనిగిరి ప్రాంతమునుండి పదిమందిమి కలసి ఈ ప్రదక్షిణమునకు పోయితిమి. మాలో మిరప, పత్తి పండించు రైతులు కొందఱు, కళాశాలలో చదువు యువకులు ఇద్దఱు, డెబ్బదియేండ్ల వృద్ధు డొకడు ఉండిరి. భక్తితో పోయినవారు భక్తితో పోయిరి. నేను భక్తితోపాటు ఒక ఉపాధ్యాయుని కుతూహలముతో కూడ పోయితిని. ఆ నడకలో నేను చూచినదియు, తెలిసికొన్నదియు మీకు చెప్పెదను.

నడక మొదలగు చోటును తొలిపావంచా యందురు. పావంచా యనగా మెట్టు. కొండ నెక్కు దారిలో మొదటి మెట్టు కడ కొబ్బరికాయ కొట్టి జనులు బయలుదేరుదురు. మేమును మధ్యాహ్నము రెండు గంటలకు అచ్చటికి చేరితిమి. యువకులు ఇద్దఱును, "అయ్యవారూ, మేము వడివడిగా ముందు నడచి సముద్రము కడ మీకొఱకు కాచుకొని యుందుము" అనిరి. అంతలో వృద్ధుడు నవ్వి యిట్లనెను: "నాయనా, వెనుకటి రోజులలో మేము పత్తి బండ్లు కట్టుకొని గుంటూరికి పోయేవాళ్లము. పది బండ్లు వరుసగా పోవునప్పుడు బలము తక్కువైన ఎడ్ల బండిని అన్నిటికంటె ముందుంచేవాళ్లము. ఎందుకో తెలుసునా? బలమైన ఎడ్లు ముందున్నచో వెనుకబడ్డ బండి రాత్రివేళ దారిలో ఒంటరిదగును."

ఆ మాట మా కందఱకు నచ్చినది. మాలో మెల్లగా నడచువాడు ఆ వృద్ధుడే కావున అతడే ముందు నడువవలెననియు, అతని నెవ్వరును దాటరాదనియు నిశ్చయించితిమి. లెక్క వేసికొన్నచో ఈ నియమము యొక్క విలువ తెలియును. మెల్లగా నడచువాడు గంటకు 4 కిలోమీటర్లు పోవును. ఆ లెక్కను 32 కిలోమీటర్లకు 8 గంటలు పట్టును. విశ్రాంతికి మఱి నాలుగైదు గంటలు కలుపుకొన్నను తెల్లవాఱక మునుపే చేరవచ్చును. ఒక్కొక్క అడుగు మూడు పాతిక మీటరు, అనగా 75 సెంటీమీటర్లు, అనుకొన్నచో నలుబది వేలకు పైగా అడుగులు వేయవలెను. తొలి గంటలో తొందరపడి పరుగెత్తినవాడు కడపటి గంటలో కూలబడును. మాకు ముందు పరుగువంటి నడకతో పోయినవారిని పలువురను అర్ధరాత్రి దాటిన పిమ్మట దారి ప్రక్కన కాళ్లు పిసుకుకొనుచుండగా చూచితిమి.

తొలి రెండు గంటల దారి కొండకు ఉత్తరపు ప్రక్కను తూర్పుగా పోవును. అడవివరము, ముడసర్లోవ, హనుమంతవాక అను ఊళ్లు వరుసగా వచ్చును. నేను తెలుగు చెప్పి బ్రతికినవాడను కావున ఊరిపేరు వినగానే దాని యర్థమును వెదకుట నాకు అలవాటు. అడవివరములో అడవి యున్నది. ఉత్తరాంధ్రమున లోవ యనగా లోయ. ముడసర్లోవ కొండల నడుమ నున్న లోయ. అచ్చటి జలాశయము చిరకాలముగా నగరమునకు నీరిచ్చుచున్నది. వాక యనగా ఏఱు. హనుమంతవాక యను పేరిలో ఒక ఏఱు దాగియున్నది. ముందు రాబోవు దారిలో సీతమ్మధార యున్నది, మాధవధార యున్నది. కొండమీద ఆలయము కడ గంగధార యున్నది. కొండ చుట్టును ఉన్న పేరులలో ఇన్నింట నీరే వినబడుచున్నది.

ఇది యాదృచ్ఛికము కాదు. విశాఖ ప్రాంతమున ఏడాదికి వేయి మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియును. నైరృతి ఋతుపవనము కొంత, ఈశాన్య ఋతుపవనము కొంత తెచ్చిపెట్టును. సముద్రముమీదినుండి వచ్చు తడిగాలికి కొండ అడ్డుపడగా, ఆ గాలి పైకెగసి చల్లబడును. చల్లబడిన గాలి తనలోని తేమను పట్టియుంచుకొనలేక వానగా విడుచును. చెట్లు దట్టముగా నున్న వాలుమీద ఆ వాన ఒక్కసారిగా పారిపోదు. ఆకులమీద పడి, రాలిన ఆకుల పరుపులో ఇంకి, రాతి పగుళ్లలోనికి దిగును. లోపల గట్టిరాయి తగిలినచోట ఇక దిగలేక ప్రక్కకు మరలి, వాలుమీద ఎచ్చటనో ఒకచోట ఊటగా వెలికి వచ్చును. ఆ ఊటయే ధార. చెట్లు లేని కొండమీద పడిన వాన గంటలో వాగై పారి సముద్రములో కలియును. ధారకు మిగులున దేమియు నుండదు.

మన కనిగిరివారికి ఈ మాట యెంత ముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు. మన కొండ గ్రానైటు రాయి. మనకు వాన తక్కువ. తక్కువ నీరు రాతి సందులలో దీర్ఘకాలము నిలిచియుండుటచే రాతిలోని ఫ్లోరైడు అందు కరగును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్నచో ఆ నీరు త్రాగుటకు తగదు. మన ప్రాంతములో పెక్కు బావులలోను, బోరులలోను అది ఆ హద్దును దాటియున్నది. చిన్ననాటనే పండ్లు మచ్చలు పడినవారిని, నడివయసుననే ఎముకలు వంగినవారిని మీరు చూచియే యుందురు. వాన నీరు నేలలోనికి ఎక్కువగా ఇంకినకొలది ఈ విషపు పాలు పలుచబడును. కావున కొండమీద నాలుగు చెట్లు నిలుచుటకును, మన యింటి పిల్లవాని యెముకలకును సంబంధమున్నది. ముడసర్లోవ కడ నిండుగా నున్న నీటిని చూచి మా రైతులు చాలసేపు మాటలాడక నిలిచిరి.

హనుమంతవాక దాటినంతనే గాలి మాఱినది. అంతవఱకు మబ్బుగాలి మెల్లగా వీచుచుండెను. ఇచ్చట కుడివైపున సింహగిరి వరుస, ఎడమవైపున కైలాసగిరి. ఆ నడిమి సందులోనుండి దారి సముద్రమువైపు దిగును. ఆ దారిలో తలగుడ్డలు నిలువలేదు. స్త్రీలు కొంగులు బిగించుకొనిరి. ఒక యువకుడు, "అయ్యవారూ, మైదానములో లేని గాలి ఇచ్చటి కెట్లు వచ్చినది?" అని యడిగెను.

దానికి కారణములు రెండు. మొదటిది సముద్రపు గాలి. పగటియెండకు నేల త్వరగా వేడెక్కును, నీరు మెల్లగా వేడెక్కును. నేలమీది గాలి వేడెక్కి, తేలికయై పైకి పోవును. ఆ ఖాళీని నింపుటకు సముద్రముమీది చల్లగాలి నేలవైపునకు సాగివచ్చును. మధ్యాహ్నము మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు ఇది బలముగా నుండును. రాత్రివేళ నేల త్వరగా చల్లబడును గావున గాలి దిశ మాఱి నేలనుండి సముద్రమువైపునకు వీచును. జాలరులు వేకువజామున ఆ గాలితో కడలిలోనికి పోయి, మధ్యాహ్నపు గాలితో ఒడ్డునకు తిరిగి వచ్చుట పూర్వకాలపు తెరచాప పడవల మర్యాద. ఆషాఢమున దీనికి నైరృతి ఋతుపవనపు గాలి తోడగును.

రెండవ కారణము కొండ యాకారము. వెడల్పైన కాలువలో మెల్లగా పారు నీరు ఇఱుకైన తూము కడకు వచ్చినప్పుడు వడిగా ఉరుకుట మీరు చూచినదే. అంత నీరును అదే కాలములో చిన్న దారిగుండ పోవలెను గనుక వేగము పెరుగక తప్పదు. గాలియు అంతే. కొండ యడ్డు వచ్చినపుడు గాలి దానిని దాటుటకు శిఖరముమీదుగను, కొనల ప్రక్కలనుండియు ఒత్తుకొని పోవును. ఆ చోట్ల దాని వడి హెచ్చును. మన కళ్లములో ధాన్యము తూర్పారబట్టు రైతు చదునుమీద నిలువక దిబ్బ నెక్కి నిలుచుట ఇందుకే. భూశిరము సముద్రములోని దిబ్బ వంటిది. 1488లో పోర్చుగీసు నావికుడైన బార్తొలొమ్యు డయస్ ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున నొక భూశిరమును చుట్టివచ్చి, దానికి తుఫానుల అగ్రమని పేరిడెననియు, పిదప రాజు దానిని గుడ్ హోప్ అగ్రమని మార్చెననియు చెప్పుదురు. గుడ్ హోప్ అనగా మంచి ఆశ.

గాలి వేగము రెండింతలైనచో దాని త్రోపు రెండింతలు కాదు, నాలుగింత లగును. మూడింతలైనచో తొమ్మిదింత లగును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము కడనే తీరమును దాటినది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. సాధారణముగా గంటకు 20 కిలోమీటర్లతో వీచు గాలికంటె అది తొమ్మిదింతల వేగము గలది. కావున దాని త్రోపు ఎనుబదియొక్క రెట్లు. కైలాసగిరి మీదను, చుట్టుప్రక్కల కొండలమీదను చెట్లు కూలిపోయినవి. నిలిచిన చెట్లకు ఆకు మిగులలేదు. పచ్చని కొండలు ఒక్క దినములో మోడువాఱినవి. 2020 అక్టోబరులో వాయుగుండపు గాలులకు ఎం.వి. మా అను బంగ్లాదేశ్ సరకు ఓడ కొట్టుకొనివచ్చి, కైలాసగిరి పాదమున తెన్నేటి పార్కు కడ రాళ్లలో చిక్కుకొన్నది. గాలిని చిన్నచూపు చూడరాదని ఆ తీరపు ప్రజలకు ఒకరు నేర్పనక్కఱలేదు.

చీకటి పడువేళకు జోడుగుళ్లపాలెము చేరితిమి. అది జాలరుల పల్లె. దక్షిణమున దూరముగా డాల్ఫిన్ నోస్ మీది దీపస్తంభము వెలుగుచు ఆఱుచు కనబడెను. 1957వ సంవత్సరపు దీప మది. ఒడ్డున రాళ్లు. ఆ రాళ్లు ఖొండలైటు అను జాతికి చెందినవి. కళింగపు అడవులలో నివసించు ఖోందుల పేర దాని కా నామము కలిగినది. కోణార్క దేవాలయమునకు వాడినదియు ఆ రాతినే. అందు గార్నెట్ అను ఎఱ్ఱని ఖనిజ ముండును. రాయి అరిగి పొడియైనపుడు ఆ గార్నెట్ గింజలు ఇసుకలో చేరును. అవి బరువైనవి గనుక అల తేలిక యిసుకను ఈడ్చుకొని పోయినను అవి వెనుక నిలిచిపోవును. పగటివేళ ఆ తీరపు టిసుకలో ఎఱ్ఱనివి, నల్లనివి చారలు కనబడును. ఎఱ్ఱనివి ఒకప్పటి కొండయే.

కొండ కొన యెందుకు నిలిచినది? ఇరుప్రక్కల నేల యెందుకు పోయినది? గట్టిరాయి నిలిచినది, మెత్తని నేల అరిగినది. అంతియే కాదు. అల లోతు తక్కువైన చోటికి వచ్చినపుడు వేగము తగ్గును. భూశిరమునకు ఎదుట లోతు ముందుగా తగ్గును గనుక అచ్చటి అల భాగము వెనుకబడి, ఇరుప్రక్కల భాగములు ముందునకు సాగి, అల వంగి భూశిరమును చుట్టుముట్టును. ఆ విధముగా అలల బలమంతయు భూశిరముమీద పడును. ప్రక్కనున్న వంపులలో అల బలము తగ్గి ఇసుక చేరును. నగరపు ఇసుక తీరమునకును, కొండ పాదమున బండలు బయటపడి యుండుటకును ఇదియే కారణము.

ప్రదక్షిణము చేయువారు ఇచ్చట సముద్రస్నానము చేయుట ఆచారము. ఒడ్డంతయు జనముతో నిండియున్నది. అలలు ఎత్తుగా విఱిగి నురుగు క్రక్కుచుండెను. రాళ్ల ప్రక్కన ఒకచోట మాత్రము అల విఱుగక నీరు నల్లగా, నెమ్మదిగా కనబడెను. మా యువకు డొకడు, "ఇచ్చట అలలు లేవు, స్నానమునకు ఇదియే మేలు" అని చొక్కా విప్పి అటు పరుగెత్తెను. అంతలో వలల ప్రక్కన కూర్చున్న జాలరి యొకడు లేచి అతని చేయి పట్టుకొని ఆపెను.

"అక్కడ దిగొద్దు బాబూ. అల విరగని చోటే మనిషిని లాగుతాది" అని అతడు చెప్పెను. మా వానికి రోషము వచ్చి, తనకు ఈత బాగుగా వచ్చుననెను. జాలరి కోపింపక, ఒడ్డున పడియున్న కొబ్బరిపీచు నొకదానిని తీసి ఆ నల్లని నీటిలోనికి విసరెను. చూచుచుండగానే అది ఒడ్డునకు రాక, తిన్నగా సముద్రములోనికి సాగిపోయెను. మనము అడుగులు లెక్కపెట్టుకొనునంతలో అది అలలు విఱుగు వరుసను కూడ దాటి చీకటిలో కనుమఱుగయ్యెను. యువకుడు మాఱు మాటాడలేదు.

బాలబాలికలారా! ఈ విషయమును జ్ఞాపకముంచుకొనుడు. అలలు విఱిగి ఒడ్డునకు త్రోసిన నీరంతయు మరల సముద్రములోనికి పోవలెను. అది తీరము పొడవునను సమముగా మరలిపోదు. లోతైన సన్నని దారి దొరకినచోట ఏఱువలె కూడి వడిగా లోపలికి పోవును. భూశిరముల ప్రక్కను, రాళ్ల ప్రక్కను ఇట్టి దారి తఱచుగా ఏర్పడును. ఆ దారిలో లోతు ఎక్కువ గనుక అల విఱుగదు. అందుచేత తెలియనివారికి అది క్షేమమైన చోటుగా తోచును. అందు చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదినచో, ఎంతటి ఈతగాడైనను అలసి మునిగిపోవును. ఆ ప్రవాహము సన్ననిది గావున ఎదురీదక, బెదరక, తీరమునకు సమాంతరముగా ప్రక్కకు ఈది దానినుండి తప్పించుకొని, పిదప అలల తోడ ఒడ్డునకు రావలెను. ఈత రానివాడు తేలుచు కేకవేసి సహాయము కోరవలెను. అన్నిటికంటె మేలైనది, ఆ తీరపు జాలరి నడిగిన పిమ్మట గాని నీటిలో దిగకుండుట.

మేము జాలరి చూపిన చోట మోకాలిలోతున నిలిచి, చెంబులతో నీరు పోసికొంటిమి. అతనికి ఏమైన ఇయ్యబోగా పుచ్చుకొనలేదు. "పంతులుగారూ, తిరిగి ఊరికి పోయాక పిల్లలకు ఈ మాట చెప్పండి, చాలు" అనెను. నేనిప్పుడు చెప్పుచున్నది ఆ మాటయే.

సముద్రమును విడిచి దారి పడమరకు తిరుగును. ఇక కొండ దక్షిణపు ప్రక్క. ఈ భాగమంతయు నగరము. వెంకోజీపాలెము, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెము, మాధవధార. రాత్రియంతయు వీధులవెంట గృహస్థులు నీళ్ల కుండలు, మజ్జిగ, పులిహోర, పండ్లు పెట్టుకొని నడచువారిని పిలిచి పిలిచి ఇచ్చుచుండిరి. ఒక యింటి ముంగిట తల్లియు, చిన్న కూతురును కూర్చుండి వచ్చినవారి పాదములకు వేడినీళ్లు పోయుచుండిరి. మా వృద్ధుని పాదములు బొబ్బలెక్కెను. ఆ తల్లి, "తాతగారూ, కాసేపు కూర్చోండి" అని బల్ల వేసి, కాళ్లు కడిగి, నూనె రాచినది. ఆమె యెవరో, ఆమె ఊరివారెవరో మే మెఱుగము. మేమెవరమో ఆమె యడుగలేదు.

ఇంత చక్కని దృశ్యమునకు ప్రక్కనే నా మనస్సును కలచినది మఱియొకటి యున్నది. త్రాగి పాఱవేసిన ప్లాస్టిక్ గ్లాసులును, సీసాలును, విస్తళ్లును దారిపొడవున కుప్పలుపడి యుండెను. గాలికి అవి మురుగుకాలువలలోనికి దొరలిపోవుచుండెను. మురుగుకాలువలు చేరునది సముద్రమునే. సీతమ్మధారలో నిలిచి నేను ధార యెచ్చట నని చూచితిని. ఇండ్లు, అంగళ్లు తప్ప ఏమియు కానరాలేదు. పేరు నిలిచినది గాని ధార కనబడలేదు. కొండవాలులలో ఇండ్లు ఒకదానిపై నొకటిగా ఎక్కుచున్నవి. చెట్టు పోయిన వాలున మన్ను వదులగును, వానలకు జాఱును. ఊట దారి మూసికొనిపోవును. కొండను దేవుడని కుడివైపున నుంచుకొని చుట్టువారమే ఆ కొండ నీటిని చెఱచినచో ఆ ప్రదక్షిణమున కర్థమేమి?

ఆ మాట అనగా మా యువకులలో సముద్రము కడ రోషపడినవాడు ఒక సంచి తెచ్చి, మా పదిమంది వాడిన గ్లాసులను ఏఱి అందు వేసికొనెను. నగరపు భాగము ముగియు వఱకు ఆ సంచిని వాడే మోసెను. గోపాలపట్నమునుండి వృద్ధుని చేయి కూడ వాడే పట్టుకొనెను. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు మేము పదిమందిమి కలసి తొలిపావంచా కడకు తిరిగి చేరితిమి. వెనుకబడిన వాడెవ్వడును లేడు. మాకంటె ముందు పరుగెత్తినవారు కొందఱు మా తరువాత వచ్చిరి.

ఊరికి వచ్చిన పిదప ఆ యువకులిద్దఱును నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, మన కొండను ఒక మాఱు చుట్టి చూతము" అనిరి. ఒక ఆదివారము తెల్లవాఱగనే పోయితిమి. వృద్ధుడు ఎప్పటివలె ముందు నడచెను. కొండనుండి దిగు వాగులన్నిటిని ఒక్కొక్కటిగా గుర్తించి, వాని పేరులను పొలములలోని పెద్దల నడిగి ఒక పుస్తకములో వ్రాసికొంటిమి. కొన్ని వాగులలో నీరున్నది. కొన్నిటిలో ముండ్లపొదలు మొలిచినవి. కొన్నిటి పేరులు చెప్పగలవారు ఆ ఊరిలో ఒకరిద్దఱు ముసలివారే మిగిలిరి. మీ యూరి ప్రక్కను కొండయో, గుట్టయో ఉన్నచో మీరును మీ ఉపాధ్యాయునితో కలసి ఒక మాఱు దానిని చుట్టి రండు. నీరు ఎచ్చట దిగుచున్నదో, ఎచ్చట నిలుచుచున్నదో, ఎచ్చట ఇంకుచున్నదో చూడుడు. ఆ పేరులు తెలిసినవారు జీవించియుండగనే అడిగి వ్రాసికొనుడు. మీలో మెల్లగా నడచువానిని ముందుంచి నడచుట మాత్రము మఱువకుడు.